చెట్ల సంరక్షణ: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన కాలనీ సంక్షేమ సంఘం నాటిన మొక్కలు 12 మాత్రమే. నిరుటి సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే, ఉన్న చెట్లను నిలబెట్టుకోవడానికే మా సమయమంతా పెట్టాం. నలభై ఏళ్ల వేప ఇస్తున్న నీడ ఈ మొక్కలు ఇవ్వాలంటే మన పిల్లలకు పిల్లలు పుట్టాలి.

వేసవి సెలవుల్లో పిల్లలూ పెద్దలూ వీధివీధీ తిరిగి 143 చెట్లకు వరుస సంఖ్యలు వేశారు. ఏ చెట్టు, ఎవరి ఇంటి ఎదుట ఉంది, మొదలు చుట్టుకొలత ఎంత అన్నవి ఫొటోతో సహా రిజిస్టరులోకి ఎక్కాయి. వేప, గానుగ, నిద్రగన్నేరు ఎక్కువ. రావిచెట్లు మూడు. మర్రి ఒక్కటే, బడి ప్రహరీ పక్కన.

ఆ రిజిస్టరు విలువ ఆగస్టులో తెలిసింది. రెండో వీధి మురుగుకాలువ కోసం 31వ నంబరు గానుగను తీసేయాలంటూ కాంట్రాక్టరు మనుషులు రంపాలతో వచ్చారు. అనుమతి పత్రం అడిగితే లేదన్నారు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే మనం వాల్టా అనేది, ముందస్తు అనుమతి లేకుండా చెట్టు నరకరాదంటుంది. సొంత స్థలంలోని చెట్టుకూ ఇది వర్తిస్తుందని చాలామంది సభ్యులకు అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రమే ఫొటో, కొలతలు జతచేసి మున్సిపల్ కమిషనరుకు, అటవీశాఖకు అర్జీలు ఇచ్చాం. మూడో రోజు ఇంజినీరు గారు వచ్చి, స్వయంగా టేపు పట్టి, కాలువను రెండడుగులు పక్కకు జరిపించారు. చెట్టు బతికింది. ఆయనకు సంఘం తరఫున మనఃపూర్వక కృతజ్ఞతలు.

58వ నంబరు నిద్రగన్నేరును దక్కించుకోలేకపోయాం. డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున, దుకాణం బోర్డుకు అడ్డమని దాన్ని కొట్టించారు. మేం చేరేసరికి దుంగలు ట్రాక్టరెక్కాయి. ఫిర్యాదు ఇచ్చి నాలుగు నెలలైనా చర్య లేదు. మథుర, బృందావనం ప్రాంతంలో అనుమతి లేకుండా 454 చెట్లు నరికిన కేసులో, చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానాను సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఖరారు చేసింది. ఆ కేసు తాజ్‌మహల్ పరిసర ప్రాంతానికి చెందినదే అయినా, తీర్పు ప్రతిని మన ఫిర్యాదుకు జతచేశాం. వదిలిపెట్టం.

చెట్ల లెక్కలో మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది సిమెంటు. రోడ్డు వేసినప్పుడల్లా మొదలు దాకా కాంక్రీటు పోస్తున్నారు. చెట్టుకు తిండి, నీరు అందించే వేళ్లు చాలావరకు పైమట్టిలోనే ఉంటాయి. వాటికి గాలీ వాననీరూ అందకపోతే చెట్టు కొన్నేళ్లపాటు కొమ్మకొమ్మగా ఎండిపోతుంది, ఎవరి మీదా కేసు ఉండదు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన కాలనీలో 19 చెట్ల చుట్టూ సభ్యులే సమ్మెటలతో పగలగొట్టి మట్టి నింపారు. కరెంటు తీగల కోసం కొమ్మలు ఒకవైపే కొట్టడం మరో సమస్య. బరువు ఒరిగిన చెట్టు గాలివానకు పడుతుంది, నింద చెట్టు మీదికే వస్తుంది.

2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంటుంది. అందులో కొంత పాత చెట్ల సంరక్షణకు ఇవ్వాలని వినతిపత్రం సమర్పించాం.

ఇక బడి మర్రి. దాని మొదలు దగ్గర చెదలు కనిపించాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఇలాగే చెదలు పట్టి పెద్ద కొమ్మ విరిగితే, 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి నిలబెట్టారు. మన మర్రిని చూడటానికి రావాలని అటవీశాఖను కోరాం. వాళ్లు వచ్చేదాకా దాని కింద చెత్త తగలబెట్టవద్దని చుట్టుపక్కల వారికి మనవి.