అలల తీరాలకు హద్దులు గీయాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

ఉష్ణమండల దేశాల సముద్ర తీరాల్లో సర్ఫింగ్ చుట్టూ పెరుగుతున్న పర్యాటకం గురించి పత్రికల్లో తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. వాటిని ఆసక్తిగా చదివే పాఠకుల్లో నేనూ ఒకడిని. అయితే వెదురు గుడిసెలు, కాగితపు స్ట్రాలు, పొద్దున యోగా, సాయంత్రం అలల మీద ఆట, ఇంతవరకు వర్ణించి ఆ విడిది ప్రకృతికి ఏ హానీ చేయనిదని తేల్చేయడం మాత్రం సరికాదని నా అభిప్రాయం. భవనం సముద్రానికి ఎంత దూరంలో కట్టారు, దాని మురుగునీరు ఎక్కడికి పోతోంది, ఆ తీరం మీద తీసుకునే నిర్ణయాల్లో అక్కడి వారి మాట ఎంతవరకు చెల్లుతోంది అన్న ప్రశ్నలకు జవాబు తెలియనిదే ఏ తీరాన్నీ మెచ్చుకోకూడదు.

సర్ఫింగ్‌కు పనికివచ్చే అల ప్రతి తీరంలోనూ దొరకదు. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల తుపాను గాలులు లేపిన కెరటం నడిసముద్రం దాటి వచ్చి, నీటి లోతు తన ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గిన చోట ముందుకు వాలి విరుగుతుంది. మొత్తం ఒక్కసారిగా కూలిపోయే అల సర్ఫర్‌కు ఉపయోగపడదు. అది ఒక అంచున మొదలై పక్కకు వరుసగా విరుగుతూ పోవాలి, అప్పుడే బోర్డు మీద నిలబడిన మనిషికి దాని వాలు వెంట జారిపోయే దారి దొరుకుతుంది. అల అలా విరగడానికి కారణం నీటి అడుగున ఉండే పగడపు దిబ్బో, రాతి మొనో, నది తెచ్చి పోసిన ఇసుక మేటో. ఆ అడుగును కదిపితే అల పోతుంది. ఉష్ణమండలం కాకపోయినా స్పెయిన్ ఉత్తర తీరంలోని ముండాకా ఇందుకు మంచి సాక్ష్యం: అక్కడ 2003లో ఓడల రాకపోకల కోసం నదీముఖంలో ఇసుక తవ్వి తీయగా, ప్రపంచ ప్రసిద్ధి పొందిన అల చెదిరిపోయి, 2005లో జరగవలసిన అంతర్జాతీయ పోటీ రద్దయింది. ఇసుక తిరిగి మేట వేసుకున్నాక అల మళ్లీ వచ్చింది. పగడపు దిబ్బకు అంత త్వరగా కోలుకునే శక్తి లేదు.

ఈ తేడా పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రాన్స్ పాలనలో ఉన్న తాహితీ ద్వీపంలోని టెయాహుపో వాసులకు బాగా తెలుసు. 2024 పారిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలను, పారిస్‌కు 15,000 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఈ చిన్న ఊరి ఎదుట విరిగే అల మీద నిర్వహించారు. న్యాయనిర్ణేతలు కూర్చునే పాత చెక్క మంచె స్థానంలో అల్యూమినియం మంచె కట్టాలని నిర్వాహకులు తలపెట్టినప్పుడు, దాని పునాదుల కోసం పగడాలను తొలచవలసి వస్తుందని 2023లో ఊరివారు, మత్స్యకారులు, స్థానిక సర్ఫర్లు కలిసి నిరసన తెలిపారు. వారి భయం ఉత్తదేమీ కాదు. అదే ఏడాది డిసెంబరులో, పనికి వాడదలచిన పడవను పరీక్షగా నడిపినప్పుడే అది దారిలోని పగడాలను విరగ్గొట్టింది. చివరకు మంచె పరిమాణం తగ్గించారు. క్రీడాకారుల కోసం కొత్తగా క్రీడాగ్రామం కట్టకుండా ఓడలో బస ఏర్పాటు చేశారు. మంచె అసలే వద్దన్న వారికి ఇది పూర్తి విజయం కాదు గానీ, ఒలింపిక్స్ అంతటి వ్యవస్థ ఒక పల్లె మాట విని తన కొలతలు మార్చుకోవడం చిన్న విషయం కాదు. చేపలు తిరిగి పెరిగేందుకు కొంత సముద్ర భాగాన్ని వేటకు మూసివేసే ‘రాహుయి’ అనే ఆచారం పాలినీషియా దీవుల్లో పూర్వం నుంచీ ఉంది. టెయాహుపోలో దానిని మళ్లీ అమలులో పెట్టుకున్నారు. హద్దు గీయడం, ఆ హద్దును పాటించడం వారికి ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు.

హద్దును చట్టంలోనే రాసుకున్న దేశం కోస్టారికా. 1977 నాటి అక్కడి తీర చట్టం ప్రకారం పోటు గీత, అంటే పోటు సమయంలో నీరు చేరే హద్దు, నుంచి 200 మీటర్ల వరకు ఉన్న నేల ప్రత్యేక మండలం. అందులో సముద్రం వైపు మొదటి 50 మీటర్లు ప్రజలది, అక్కడ కట్టడాలకు వీలు లేదు. మిగిలిన 150 మీటర్లను షరతులతో వాడుకోవడానికి అనుమతి పొందాలి. చట్టం ఉన్నంత మాత్రాన ఉల్లంఘన ఆగిందని అనను. అయినా తీరం మొత్తాన్ని హోటళ్లు గోడ కట్టి మూసేయకుండా సామాన్యుడికి అండగా నిలిచే ఆధారం అదే. అలలకు పేరుపడిన నోసారాకు పక్కనే ఒస్తియోనాల్ అనే తీరం ఉంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒక్కోసారి వేల సంఖ్యలో కొన్ని రాత్రుల పాటు అక్కడికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. వెనుక వచ్చిన తాబేళ్లు తమ గుంట తవ్వుకుంటూ ముందు వచ్చినవాటి గుడ్లను పగలగొడతాయి కాబట్టి, ఎలాగూ చాలావరకు నష్టపోయే తొలి గుడ్లను మొదటి 36 గంటల్లో ఏరుకునే హక్కును చట్టం ఆ ఊరివారికే ఇచ్చింది. ప్రతిఫలంగా తీరానికి కాపలా కాసేదీ, కట్టెలూ చెత్తా తొలగించేదీ, పిల్ల తాబేళ్లు నీటిని చేరేదాకా చూసుకునేదీ వారే. ఈ తాబేళ్లకు కావలసింది చీకటి కూడా. గుడ్డు పగిలి బయటికి వచ్చిన పిల్ల వెలుగున్న దిక్కును సముద్రమనుకుని నడుస్తుంది కనుక, ఒడ్డున వరుసగా వెలిగే విద్యుద్దీపాలు దానిని రోడ్డు వైపు మళ్లిస్తాయి. కాబట్టి ఒడ్డున గదులు కట్టుకున్న విడిది మెనూ కార్డు రీసైకిల్ కాగితం మీద అచ్చేసిందా లేదా అన్నది కాక, రాత్రి దీపాలు ఆర్పిందా లేదా అన్నది మనం అడగాలి.

మురుగునీటి గురించి ఎవరూ మాట్లాడరు, ఫొటోకు అందదు కాబట్టి. కోస్టారికాలోనే శుభ్రమైన తీరాలకు ఇచ్చే నీలి జెండాను, సర్ఫర్లతో కిటకిటలాడే తమరిందో తీరం నీటిలో మల కాలుష్యం కారణంగా ఒకప్పుడు పోగొట్టుకుంది. శుద్ధి వ్యవస్థ లేకుండా గదుల సంఖ్య మాత్రం పెంచుకుంటూ పోతే మరే తీరానికైనా అదే గతి. హవాయి రాష్ట్రం పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు కలిసిన సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని 2021 జనవరి నుంచి నిషేధించింది, మంచి చట్టమే. కానీ ఒంటికి పూసుకునే లేపనం మీద ఉన్న శ్రద్ధ సెప్టిక్ ట్యాంకు మీద కూడా ఉండాలి కదా! అన్నట్టు, ఒకప్పుడు హవాయి వారు చెట్టు మాను చెక్కి చేసుకున్న బోర్డు ఈనాడు చాలావరకు పెట్రోలియం నురుగు, రెసిన్, గాజు పీచులతో తయారవుతోంది. ప్రకృతి ప్రేమికుల ఆట అని చెప్పుకునేటప్పుడు ఇదీ గుర్తుంచుకోవాలి.

ఇండోనేషియాలోని బాలిని అందరూ ఉదాహరిస్తారు, ఒక్కొక్కరు ఒక్కొక్క కారణానికి. అక్కడ 2019 నుంచి ప్లాస్టిక్ సంచులు, స్ట్రాలు, థర్మాకోల్ నిషిద్ధం. అయినా వానాకాలంలో నదులూ ప్రవాహాలూ మోసుకొచ్చే చెత్త కుటా తీరాన కుప్పలుగా చేరుతూనే ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ పర్యాటకుల వద్ద 1,50,000 రుపియాల (ఇండోనేషియా కరెన్సీ) రుసుము వసూలు చేస్తున్నారు. రుసుమును నేను తప్పుపట్టను, కానీ అది వరిపొలాన్ని విల్లాగా మార్చకుండా ఆపలేదు. గుడులు కేంద్రంగా రైతులందరూ కలిసి కాలువ నీటిని పంచుకునే ‘సుబక్’ వ్యవస్థను యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. సర్ఫర్ల విడిదిగా పేరుపడిన చంగూ చుట్టుపక్కల అటువంటి పొలాలే భవనాలవుతున్నాయి. ఎగువన ఒక మడి కాంక్రీటు అయితే దిగువ రైతుకు నీరు అందే దారి తెగుతుంది. ఆ సంస్కృతిని నృత్య ప్రదర్శనగా హోటల్ ముంగిట చూపించి, దాన్ని పోషించిన పొలాన్ని లేకుండా చేయడాన్ని అభివృద్ధి అనలేం. దీనికి భిన్నంగా, ఏటా వచ్చే మౌన దినం ‘న్యెపి’ నాడు ద్వీపం యావత్తూ ఆగిపోతుంది. విమానాశ్రయం మూసేస్తారు, అల ఎంత బాగున్నా పర్యాటకుడు కూడా సముద్రంలోకి దిగకూడదు. స్థానికుల నియమానికి అతిథి లోబడితే ఎలా ఉంటుందో అక్కడ ఏడాదికి ఒక రోజు కనిపిస్తుంది.

కనుక మీకు నా విన్నపం ఇది. ఏ తీరంలోనైనా సర్ఫింగ్ పర్యాటకం గురించి రాసేటప్పుడు పోటు గీతకు, మొదటి గోడకు మధ్య దూరమెంతో, మురుగునీటి శుద్ధికి ఏ ఏర్పాటు ఉందో, నీటి అడుగున ఏం తవ్వబోతున్నారో, ఒడ్డున దీపాలకు నియమాలున్నాయో లేదో, వలలు ఆరబెట్టుకునే వారికి ఆ నేల మీద ఇంకా హక్కు మిగిలిందో లేదో కూడా విలేకరులు అడిగి రాయాలని కోరుతున్నాను. ప్రభుత్వాలు కొత్త తీరాలను పర్యాటకానికి తెరిచేటప్పుడు ఈ వివరాలను అనుమతి పత్రాలతో పాటే ప్రజల ముందు పెట్టాలని, స్థానికుల అభిప్రాయాన్ని నిర్మాణం మొదలయ్యాక కాక, నకశా గీయకముందే తీసుకోవాలని మీ సంపాదకీయ పుట ద్వారా అడగవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు