పాత కేసు సర్టిఫికెట్‌లోకి ఎందుకు రావాలి?

సంపాదకులకు నమస్కారం.

ఒంగోలుకూ సింగరాయకొండకూ మధ్య హైవే పక్కన ఒక ఊళ్లో 26 ఏళ్లుగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. పొగాకు, మిరప చేలల్లో కాలిపోయిన బోరు మోటార్లు నా దగ్గరికే వస్తాయి. ఈ ఉత్తరం నా దగ్గర పనిచేసే కుర్రాడి గురించి.

మూడేళ్ల కిందట వాడికి 16 ఏళ్లు. ఇద్దరు పెద్దవాళ్లు రాత్రిపూట పొలాల్లో మోటార్ కేబుల్ కోస్తుంటే వీడు టార్చిలైటు పట్టుకున్నాడు. రాగి అమ్మిన డబ్బు వాళ్లు పంచుకున్నారు, వీడికి బిర్యానీ పొట్లం ఇప్పించారు. దొరికింది మాత్రం ముగ్గురూ. వీడిని కొన్నాళ్లు, కేసుల్లో చిక్కిన పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంచి, తర్వాత పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు తల్లి పూచీ మీద పంపింది. చేసింది తప్పే. కేబుల్ పోయిన రైతుల్లో నాకు మోటార్లు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. నీళ్లు కట్టలేక పైరు వాడిపోతుంటే వాళ్లు పడిన బాధ చూశాను.

తల్లి వాణ్ణి వెంటబెట్టుకొచ్చి, "అన్నా, జీతం వద్దు, నీ కళ్ల ముందు ఉంచుకో, అంతే చాలు" అంది. "ఏరి కోరి రాగి దొంగనే పెట్టుకున్నావా?" అన్నవాళ్లు చాలామంది.

మా పనిలో కాలిన మోటార్ విప్పి, పాత కాయిల్ కోసి లాగేస్తాం. ఆ రాగిని గోతాంలో వేసి నెలాఖరుకు తూకానికి అమ్ముతాం. మొదటి నెలంతా వాడు కాయిల్ కోసేవాడు, లాగేవాడు, కిందపడ్డ తీగ మాత్రం ముట్టేవాడు కాదు. "పెద్దయ్యా, గోతాంలో మీరే వేయండి" అనేవాడు. ఒకరోజు కాటా వాడి ముందు పెట్టి, నువ్వే తూచి పుస్తకంలో రాయరా అని చెప్పి టీ తాగడానికి వెళ్లాను. వచ్చి చూస్తే మూడుసార్లు తూచి, మూడుసార్లూ రాసి పెట్టాడు, గ్రాములతో సహా. ఆరోజు నుంచి గోతాం వాడిదే. పగలు ఐటీఐ, సాయంత్రం షాపు. ఎలక్ట్రీషియన్ ట్రేడు పాసయ్యాడు. మోటార్ లోపలి గాడిలో, అంటే స్లాట్‌లో, పేపరు పెట్టి కాయిల్ దించడంలో ఇప్పుడు నాకంటే వాడి చెయ్యే మెత్తన.

మొన్న ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమైంది. పోలీసు వెరిఫికేషన్ కావాలన్నారు. స్టేషన్ నుంచి వచ్చిన కాగితంలో గతంలో దొంగతనం కేసు ఉందని రాసి ఉంది. ఉద్యోగం పోయింది. రెండు రోజులు షాపుకు రాలేదు. మూడోరోజు వచ్చాడు గానీ గోతాం ముట్టుకోలేదు.

నాకు చట్టం తెలియదు. ఇలాంటి పిల్లల బాగోగులు చూసే ప్రొబేషన్ అధికారి చూపిస్తే చదివాను. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్‌లో, కేసు ముగిసిపోయిన పిల్లల రికార్డును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదని ఉంది. ఆ కేసు కారణంగా వాళ్లు దేనికీ అనర్హులు కారని, అప్పీలు గడువు తీరాక రికార్డునే నాశనం చేయాలని 24వ సెక్షన్ చెబుతోంది. 16 దాటినవాళ్లు ఘోరమైన నేరాల్లో పెద్దవాళ్లతో సమానంగా విచారణకు వెళ్తే లెక్క వేరు. మావాడు పట్టుకున్నది టార్చిలైటు.

ప్రతి స్టేషన్‌లో పిల్లల సంక్షేమం చూసే పోలీసు అధికారి ఒకరు ఉండాలని ఇదే చట్టం 107వ సెక్షన్ అంటోంది. దరఖాస్తుదారుకు కేసునాటికి 18 నిండలేదని తేలితే, ఆ అధికారి చూసిన తర్వాతే కాగితం బయటికి వెళ్లేలా జిల్లా పోలీసు అధికారులు ఒక్క ఆదేశం ఇస్తే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు.

పత్రికలవాళ్లకూ ఒక మాట. అప్పట్లో ఒక పత్రిక వాడి పేరు వేయలేదు గానీ ఊరు, వీధి, తల్లి చేసే పని వేసింది. మా వైపు వాళ్లకు అంతకంటే ఏం కావాలి? చిరునామా, బడి, ఆనవాలు పట్టించే ఏ వివరమూ వేయకూడదని ఆ 74వ సెక్షనే చెబుతోంది. బడిలో వాడి చెల్లెలి పక్కన కూర్చునే పిల్ల ఆ వారమే చోటు మార్చుకుంది.

నా పేరు, షాపు పేరు వేరే కాగితం మీద రాసి జతచేశాను. దయచేసి అవి అచ్చువేయవద్దు. నేను ఎవరో తెలిస్తే వాడెవరో తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక వైండింగ్ మెకానిక్,
ప్రకాశం జిల్లా