మిగిలిన షవర్మా మాంసం మర్నాడు అమ్మకుండా చూడండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు హనుమకొండ నుంచి ఒక విద్యార్థిని తండ్రి నమస్కరించి వ్రాయునది.

షవర్మా తిన్న రాత్రే మా అమ్మాయి, ఆమె హాస్టల్ గదిలోని స్నేహితురాళ్లు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యారు. ఆనాటి నుంచి మేమిచ్చిన అర్జీలకు రసీదులు అందాయే తప్ప, ఆ దుకాణంలో ఒక్క నమూనా తీసిన దాఖలా లేదు. 2024 అక్టోబర్ 30న పచ్చిగుడ్ల మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించినప్పుడు మాబోటి తల్లిదండ్రులు ఎంతో సంతోషించారు. మరి ఆ మయోనైజ్ పూసే మాంసం సంగతి ఎవరు చూడాలి?

దయచేసి మీ అధికారులను పగలు కాకుండా, దుకాణాలు కట్టేసే వేళకు పంపండి. అమ్ముడుపోని మాంసాన్ని చువ్వ నుంచి ఊడదీసి, వేడి తగ్గకముందే ప్లాస్టిక్ డబ్బాలో కుక్కి ఫ్రిజ్‌లో పెడతారు. దాని పై అరలోనే నీళ్లు కారుతున్న పచ్చి కోడిమాంసం కవరు ఉంటుంది. మర్నాడు ఆ పాత ముక్కలే ముందుగా చువ్వకెక్కుతాయి, వాటిపైన కొత్త మాంసం చుడతారు. మంట తగిలేది పైపొరకే. కోసిన ముక్కలు పళ్లెంలో గోరువెచ్చగా గంటల తరబడి పడి ఉంటాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయనీ, కొన్ని వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదనీ మీ శాఖకు నేను చెప్పనవసరం లేదు. కోసి అమ్మే సలామీ, సాసేజ్‌లలో చేరే లిస్టీరియా అనే సూక్ష్మజీవి అయితే ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది, గర్భిణులకు సోకితే కడుపులోని బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు.

బండి దగ్గర పనిచేసే కుర్రాళ్లను నేను నిందించడం లేదు, వారికి చెప్పినవారే లేరు. ఆహార భద్రతపై కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇప్పించే ఫోస్టాక్ శిక్షణ ఉన్నది ఇలాంటి వారి కోసమే కదా!

2022లో కాసరగోడ్ జిల్లాలో షవర్మా తిన్న ఒక విద్యార్థిని మరణించాక కేరళ ప్రభుత్వం దాని తయారీకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మన దగ్గర కూడా ఒక బిడ్డ పోయేదాకా ఆగవద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాను. రాత్రి తనిఖీలు జరిపించండి, మిగిలిన మాంసాన్ని ఆ రాత్రే పారవేయాలని ఆదేశించండి, తనిఖీ ఫలితం దుకాణం ముందు అతికించేలా చూడండి. మేము ఫిర్యాదు చేసిన దుకాణం నేటికీ అలాగే నడుస్తోంది. కనీసం అక్కడ నమూనా తీయించి, ఫలితమేదైనా సరే, మాకు లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
హనుమకొండ