టేపు కొలతను తేలిగ్గా తీసుకోవద్దు

సంపాదకులకు,

నెలనెలా స్కానింగ్ తీయిస్తేనే కడుపులో బిడ్డ ఎదుగుదల తెలుస్తుందన్న నమ్మకం మన ఊళ్లలో బలపడిపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో శిక్షణ మొదలుపెట్టిన మిడ్‌వైఫరీ (ప్రసూతి సేవల) నర్సులు ఈ ఎదుగుదలను చూసేందుకు చేసే పరీక్షకు మాత్రం టేపు చాలు. 24 వారాలు దాటిన గర్భిణిని, మూత్రవిసర్జన చేసి వచ్చాక, వెల్లకిలా పడుకోబెట్టి, గర్భాశయం పైఅంచును చేత్తో తడిమి గుర్తించి, అక్కడి నుంచి జఘనాస్థి (పొత్తికడుపు కింది ముందరి ఎముక) దాకా టేపును అంకెలు కనబడకుండా తిరగేసి పరిచి కొలుస్తారు. అంకె ముందే కనబడితే చెయ్యి దాని వైపే జరుగుతుంది మరి! వచ్చిన సెంటీమీటర్లు ఇంచుమించు గర్భం వారాలతో సరిపోవాలి. మూడు సెంటీమీటర్ల తేడా వచ్చినా, వరుస కొలతల్లో పెరుగుదల ఆగినా స్కానింగ్‌కు పంపాలి. కవలలున్నప్పుడు మాత్రం ఈ కొలత పనికిరాదు. ఉప కేంద్రాల్లోనూ ప్రతి పరీక్షలో దీన్ని కార్డులో నమోదు చేయాలని, వీలైనంతవరకు ఒకే నర్సు కొలిచేలా చూడాలని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, కరీంనగర్