లినక్సుకు తెలుగు రాదన్న మాట సరికాదు

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో టైపింగు, జిరాక్సు దుకాణం నడుపుతున్న నేను, విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం లినక్సు ఉన్న కంప్యూటర్లలో తెలుగు చెదిరిపోతుందంటూ తరచూ వినిపించే ఫిర్యాదు గురించి రాస్తున్నాను. మొన్న ఒక పాఠశాల నుంచి వచ్చిన ఒక పేజీ బోనఫైడ్ పత్రాన్ని మా లినక్సు సిస్టంలో తెరవగా, ప్రధానోపాధ్యాయుని సంతకం గీత ఒక్కటే రెండో పేజీకి జారింది. అక్షరాలు ఒక తీరుగా, పుట్టిన తేదీ అంకెలు మరో తీరుగా కనిపించాయి. పత్రం తెచ్చిన పెద్దమనిషి లినక్సుకు తెలుగు రాదని అక్కడికక్కడే తేల్చేశారు.

నిజానికి ఆ పత్రం గౌతమి ఫాంటులో ఉంది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి వాడుకలో ఉన్న ఆ ఫాంటు లినక్సుతో రాదు. అది లేనప్పుడు బదులు ఫాంటును ఫాంట్‌కాన్ఫిగ్ అనే లినక్సులోని సాఫ్ట్‌వేర్ ఎంచుతుంది. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో, బదులు ఫాంటు ఏదో చెప్పే ఎఫ్‌సీ-మ్యాచ్ ఆదేశం కొట్టి గౌతమి పేరిస్తే మా సిస్టం డెజావూ శాన్స్ అనే ఫాంటు పేరు జవాబిచ్చింది. అందులో తెలుగు అక్షరాలే లేవు! అందుకే అంకెలను దానినుంచి, అక్షరాలను మరో ఫాంటునుంచి తెచ్చి పేజీ నింపింది.

హోం ఫోల్డరులోని ఫాంట్స్.కాన్ఫ్ ఫైలులో, గౌతమి అడిగినచోట పోతన ఫాంటు ఇవ్వమని ఒక ఏలియాస్ (మారుపేరు) నియమం రాశాను. దానికి బైండింగ్ విలువను, అంటే ఆ నియమం ఎంత బలంగా వర్తించాలో చెప్పేదాన్ని, ‘సేమ్’ అని పెట్టకపోతే వేరే నియమాలు దాన్ని వెనక్కి నెట్టే అవకాశముంది. నియమం మార్చాక ప్రోగ్రామును మూసి తెరిస్తే చాలు, ఫాంట్ల జాబితాను తాజా చేసే ఎఫ్‌సీ-క్యాష్ ఆదేశం నడపనక్కరలేదు. మన బమ్మెర కవి పేరున్న ఫాంటు మన జిల్లా కాగితాలకు అక్కరకు రావడం నాకు ముచ్చటేసింది.

అయితే రెండు ఫాంట్ల వరుసల ఎత్తు ఒకటి కాదు గనుక, గీతను మొదటి పేజీకి తేవడానికి వరుసల ఎడం కొంత తగ్గించవలసి వచ్చింది. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే ఉమ్మడి ప్రమాణం) కాని పాత ఫాంట్లలో కొట్టిన పత్రాలకు ఈ ఉపాయం పనికిరాదు. వాటిని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

పాఠశాలలు, కార్యాలయాలు లినక్సు సిస్టంలు పెట్టుకున్న రోజే ఈ నియమాన్ని ఈటీసీ ఫోల్డరు కింది ఫాంట్స్‌లోని లోకల్.కాన్ఫ్‌లో చేర్పిస్తే, ఆ సిస్టం వాడేవారందరికీ ఒకేసారి వర్తిస్తుంది. సంతకానికి పంపే కాగితాలను మాత్రం ఫాంటు పొదిగిన పీడీఎఫ్‌గానే పంపాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ