హిట్ల సంఖ్య పాఠకుల సంఖ్య కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఫలానా వెబ్‌సైట్‌ను నెలలో ఇన్ని లక్షల మంది దర్శించారన్న వాక్యం సంస్థల వార్షిక నివేదికల్లోను, ప్రకటనల్లోను, వాటి ఆధారంగా వచ్చే వార్తల్లోను తరచు కనిపిస్తోంది. ఆ లక్షలు మనుషుల లెక్కేనా అని అడిగేవారు అరుదు. అడగకపోవడం వల్ల చెన్నైలోని మా చిన్న తెలుగు సంఘానికి జరిగిన నష్టం మీ దృష్టికి తెచ్చి, ఇటువంటి అంకెలు అచ్చువేసే విషయంలో ఒక పద్ధతి పాటించవలసిందిగా కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక, ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామంది మన అక్షరాలు నేర్చుకోవాలంటే ఇంట్లో పెద్దవాళ్ళో, సంఘాలు నడిపే సాయంకాలం తరగతులో దిక్కు. మా సంఘం కొరుక్కుపేట, వ్యాసర్‌పాడి పిల్లలకు ఏటా వాచకాలు అచ్చువేసి ఉచితంగా ఇచ్చేది. తరువాత అవే పాఠాలను వెబ్‌సైట్‌లోనూ పెట్టాము. సైటు నిర్వహణ చూసే కాంట్రాక్టరు నెలకు లక్షకు పైగా హిట్లు వస్తున్నాయని నివేదిక ఇస్తే, కార్యవర్గమంతా దానిని లక్షమంది అనే చదువుకున్నాము. కోశాధికారినైన నేనూ అలాగే చదివాను. అంతమంది అక్కడే చదువుకుంటుంటే అచ్చుఖర్చు ఎందుకన్న మాట వచ్చి, ఆ ఏడు వాచకాలు ఆగిపోయాయి. పిల్లలు వట్టి చేతులతో వచ్చి తరగతిలో కూర్చోవడం చూశాక గాని ఆ అంకె లోపల ఏముందో తెలుసుకోవాలని నాకు తోచలేదు. ఆ ఆలస్యానికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

సైటు ఫైళ్ళను ఉంచుకొని, అడిగినవారికి పంపే కంప్యూటరే సర్వరు. అది తనను ఎవరు ఏది అడిగినా ఒక్కొక్క వరుస చొప్పున లాగ్ ఫైలులో రాసిపెడుతుంది. అడిగిన ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య), సమయం, కోరిన ఫైలు, ఇచ్చిన జవాబు సంఖ్య, పంపిన బైట్లు అందులో ఉంటాయి. ఆ వరుస ఒక్కొక్కటీ ఒక హిట్టు. పేజీలో ఉన్న ప్రతి బొమ్మా, అక్షరరూపం (ఫాంట్) ఫైలూ, పేజీని నడిపే స్క్రిప్టూ విడివిడిగా అడగవలసినవే కనుక, నలభై బొమ్మలున్న అక్షరమాల పేజీని ఒక పిల్లవాడు ఒకసారి తెరిస్తే నలభై ఒక్క హిట్లకు తక్కువ కాకుండా నమోదవుతాయి. పదహారు పేజీల పత్రిక ఒకటి అమ్మి పదహారు ప్రతులు అమ్మామని చెప్పుకోవడం ఎలాంటిదో, హిట్లను జనంగా చెప్పుకోవడం అలాంటిది. మా సైటులో బొమ్మలే ఎక్కువ.

బొమ్మల వరుసలు తీసేశాక మిగిలినవైనా మనుషులవేనా అని చూస్తే, వాటిలో చాలా భాగం సెర్చ్ ఇంజన్లు పంపే బాట్లవి, అంటే మనిషి లేకుండా తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రాములవి. గూగుల్‌బాట్ వంటివి తమ పేరు తామే చెప్పుకుంటాయి కాబట్టి ఏరివేయడం తేలిక; మామూలు బ్రౌజరు పేరు పెట్టుకొని వచ్చేవాటిని పట్టుకోవడం కష్టం. మా సైటులో వర్డ్‌ప్రెస్ అనే సైటు నిర్మాణ సాఫ్ట్‌వేర్ లేకపోయినా దాని లాగిన్ పేజీ కోసం తడిమి, 404 (అడిగిన పేజీ లేదు) అన్న జవాబు పుచ్చుకొని వెళ్ళినవి కూడా లక్షలో కలిసి ఉన్నాయి. మరొక చిక్కు గడియారంతో వచ్చింది. రద్దీ మధ్యాహ్నం ఒకటిన్నరకు ఎక్కువని నివేదిక చెబుతోంది. ఆ వేళకు పిల్లలు బడిలో ఉంటారు. సర్వరు గడియారం యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారం నడుస్తోందని, మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందని గుర్తించాక, అది రాత్రి ఏడు గంటలు, అంటే మా తరగతులు జరిగే వేళేనని తేలింది. వచ్చినవారిలో మా ఉపాధ్యాయులే ఎక్కువని అప్పుడు అర్థమైంది.

యూనిక్ విజిటర్లు అన్న మాట మరింత నమ్మకంగా వినిపిస్తుంది గాని, సాధారణంగా అది లెక్కించేది కుకీని, అంటే మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుపట్టడానికి సైటు బ్రౌజరులో దాచే చిన్న గుర్తును. ఒకే మనిషి ఫోనులో ఒకసారి, కంప్యూటరులో ఒకసారి చూస్తే ఇద్దరవుతారు. కుకీలు తుడిచేస్తే మూడో మనిషి పుడతాడు. ఇరవైమంది పిల్లలు ముప్పై రోజులూ వస్తే, రోజువారీ లెక్కలు కూడి ఆరువందల మంది అని రాసిన నివేదికలు నేను చూశాను. దీనికి ఎదురుగా, లెక్క తగ్గిపోయే దారులూ ఉన్నాయి. అమ్మ ఫోనులో ముగ్గురు పిల్లలు చదివితే ఒక్కరే. మొబైల్ కంపెనీలు ఎన్నో ఫోన్లను ఒకే ఐపీ చిరునామా వెనుక ఉంచుతాయి కనుక, చిరునామాలను బట్టి లెక్కించినా వీధికి వీధే ఒక్కరిగా కనిపించవచ్చు. పాఠం పీడీఎఫ్‌ను ఒకరు దించుకొని వాట్సాప్‌లో పదిమందికి పంపితే ఆ పదిమంది ఊసే సర్వరుకు తెలియదు. పేజీలో గడిపిన సమయాన్ని చాలా సాధనాలు ఒక పేజీకీ తరువాతి పేజీకీ మధ్య వ్యవధితో కొలుస్తూ వచ్చాయి కాబట్టి, ఒకే పాఠాన్ని అరగంట శ్రద్ధగా చదివి మూసేసిన పిల్లవాడి సమయం సున్నాగా పడేది. సైటుకు వచ్చేవారిని లెక్కించే గూగుల్ ఎనలిటిక్స్ అనే సాధనం పాత పద్ధతి 2023 జూలై 1న ఆగి, లెక్కించే తీరే మారింది. అటూ ఇటూ ఉన్న అంకెలను పక్కపక్కన పెట్టి పెరిగిందనో తరిగిందనో చెప్పడం సరికాదు.

ఈ గణాంకాలు పనికిరావని నేను అనడం లేదు. ఏ పాఠం ఎక్కువగా తెరుస్తున్నారో, ఏ లింకు పనిచేయడం లేదో మాకు తెలిసింది వీటి వల్లనే. ఒత్తుల పాఠానికి వెళ్ళే దారి తెగిపోయిందని 404 వరుసలే చూపించాయి. ఈ ఏడాది వాచకాలు తిరిగి అచ్చువేస్తున్నాము. ఎన్ని ప్రతులన్నది తరగతుల హాజరు పట్టీ చూసి నిర్ణయించాము.

అమ్ముడైన ప్రతులకూ, చదివేవారికీ తేడా పత్రికలవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1948లో ఏర్పడిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ధ్రువపరచేది ప్రతుల సంఖ్యను. ఒక ప్రతిని ఎందరు చదువుతారన్నది వేరే సర్వే తేల్చే విషయం. మీరు మీ విషయంలో పాటించే ఆ జాగ్రత్తనే ఇతరుల వెబ్‌సైట్ల అంకెల విషయంలోనూ పాటించాలని నా మనవి. ఎవరైనా లక్షల లెక్క పంపినప్పుడు అవి హిట్లా, పేజీ వ్యూలా (పేజీలు ఎన్నిసార్లు తెరిచారన్న లెక్కా), యూనిక్ విజిటర్లా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, బాట్లను తీసివేశారా లేదా అని అడిగి, ఆ వివరం అంకె పక్కనే అచ్చువేయండి. చెప్పలేకపోతే, ఆ అంకెను వదిలి మిగతా వార్త వేయండి.

భవదీయుడు,
ఒక తెలుగు సంఘం కోశాధికారి,
చెన్నై