మంచినీళ్ల చెరువు పనులకు మార్చి 31 అడ్డు కాకూడదు

సంపాదకుల వారికి,

నమస్కారం. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అవుతుండగానే ఏప్రిల్‌లో గోదావరి డెల్టా కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు. మళ్లీ నీళ్లు వచ్చేది జూన్‌లోనే. సఖినేటిపల్లి, అల్లవరం, కాట్రేనికోన, మొగల్తూరు లాంటి సముద్రం వైపు మండలాల్లో బోరు వేస్తే ఎక్కువ చోట్ల ఉప్పునీరే పడుతుంది. కాలువ కట్టేలోగా నింపుకున్న మంచినీళ్ల చెరువే ఊరికి ఆధారం. చెరువుకు నీరు తెచ్చే బోదెలో పూడిక తీయాలన్నా, తూము తలుపు మార్చాలన్నా, దానికి అడ్డుపడ్డ గుర్రపుడెక్క లాగేయాలన్నా దొరికేది ఆ నెలన్నర, రెండు నెలలే. కాలువ పారుతుండగా తూము దగ్గర పని సాగదు.

సరిగ్గా అప్పుడే, మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగియడంతో, పంచాయతీ పద్దు మూతపడి ఉంటుంది. ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో (పంచాయతీ లెక్కల ఆన్‌లైన్ పోర్టల్) మార్చి నెల పుస్తకం మూసి, ఆ తర్వాత ఏడాది పుస్తకం మూయాలి. కొత్త ఏడాది అభివృద్ధి ప్రణాళిక ఎక్కించాలి. పాత ఏడాదిలో మిగిలిపోయిన పనుల్ని కూడా అందులో చేర్చాలి. ఇవేవీ కాకుండా బిల్లు పెడదామంటే దారి ఉండదు. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని పనికి కాంట్రాక్టరు కూలీలను దింపడు. అన్నీ సర్దుకునేసరికి జూన్ వస్తుంది, కాలువకు నీళ్లు వదిలేస్తారు, పని మరుసటి వేసవికి పోతుంది. ‘నిధులు లేక ఆగిన పని’ అని జనం అనుకుంటారు. చాలాసార్లు డబ్బు పంచాయతీ ఖాతాలోనే ఉంటుంది.

అందుకే మా విన్నపం: డెల్టాలో ప్రతి రెవెన్యూ డివిజన్‌కూ పథకాల ఆర్థిక వ్యవహారాలు మాత్రమే చూసే నిపుణుడొకరు ఉండాలి. బిల్లు వచ్చాక తప్పులు వెతికే మనిషిగా కాదు, అక్టోబర్‌లో గ్రామసభ ప్రణాళిక రాసేటప్పుడే పక్కన కూర్చునే మనిషిగా ఉండాలి.

ఎందుకంటే తప్పు మొదలయ్యేది అక్కడే. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం ముందే పని నిర్దేశించి ఇచ్చినవి. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవడానికి ఇచ్చినవి గానీ జీతాలకూ కార్యాలయ ఖర్చులకూ వాడకూడదని షరతు. 10 లక్షలొస్తే 3 లక్షలు నీటికి, 3 లక్షలు పారిశుద్ధ్యానికి, 4 లక్షలు ఇతర పనులకు అన్నమాట. ఫిల్టర్ బెడ్ (చెరువు నీటిని ఇసుకలో వడకట్టే తొట్టి) మరమ్మతును తొందరలో ఆ 40 శాతం పద్దులో రాసేస్తారు. దాంతో తాగునీటి పద్దులో డబ్బు ఖర్చుకాకుండా మిగిలినట్టు కనిపిస్తుంది, రోడ్డుకు ఉండాల్సింది అయిపోతుంది. ఏడాది చివర్న దీన్ని సరిదిద్దడం పెద్ద తలనొప్పి.

ఇక అంచనా. ‘ఇసుక మార్చుట, మొత్తంగా ఇంత’ అని ఒక్క ముక్కలో రాసిన అంచనా ఎక్కడో ఒక చోట ఆగి తీరుతుంది. ఉదాహరణకు 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న బెడ్‌లో మీటరు లోతు ఇసుకంటే 40 ఘనపు మీటర్లు. నిదానంగా వడకట్టే ఈ రకం బెడ్‌కు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల సైజు ఇసుక కావాలి. ఇళ్ల పనికి వచ్చే గోదావరి ఇసుక అంతకంటే ముతక. జల్లెడ పట్టడం, కడగడం వేర్వేరు పద్దులుగా అంచనాలో లేకపోతే కాంట్రాక్టరు వచ్చిన ఇసుకను వచ్చినట్టే పోస్తాడు. వానాకాలం ఎర్రనీళ్లు రాగానే కుళాయిలోనూ ఎర్రనీళ్లే. అసలు ఏటా మొత్తం ఇసుక మార్చనక్కర్లేదు. నీరు దిగడం మందగించినప్పుడల్లా పైపొర రెండు మూడు సెంటీమీటర్లు గీకి తీస్తే చాలు. అలా తీయగా తీయగా ఇసుక అర మీటరు దాకా దిగినప్పుడు నింపాలి. కాబట్టి మొత్తం మార్చాలనే అంచనా బల్ల మీదికి వస్తే ముందు అడగాల్సింది రేటు గురించి కాదు, ఇప్పుడు బెడ్‌లో ఇసుక ఎంత లోతుంది అని. ఆ కొలత పాత ఇసుక తీయకముందే ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకం) ఎక్కాలి. కొత్త ఇసుకను లారీలో కొలవకూడదు. చెమ్మ ఇసుక పొంగి ఎక్కువ కనిపిస్తుంది. బెడ్‌లో పరిచి, నీళ్లు పట్టి, దిగాక కొలవాలి.

ఇంకో లెక్క కూడా పనికొస్తుంది. గంటకు 10 సెంటీమీటర్ల చొప్పున నీరు దిగితే పైన చెప్పిన బెడ్ గంటకు 4,000 లీటర్లిస్తుంది. 24 గంటలూ నడిస్తే, మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున సుమారు 1,700 మందికి సరిపోతుంది. ఊళ్లో అంతకన్నా ఎక్కువమంది ఉంటే ఇసుక మార్చినంత మాత్రాన కొరత తీరదని ప్రణాళిక రాసేటప్పుడే తెలిసిపోతుంది. ఒకటి శుభ్రం చేస్తుండగా నడవడానికి రెండో బెడ్ ఎలాగూ ఉండాలి.

బిల్లులో పన్ను కోతల దగ్గర జరిగే పొరపాట్లు చిన్నవే, వాటి ఫలితం మాత్రం పెద్దది. జీఎస్టీ కాకుండా కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి ఉంచే పన్ను) పట్టాలి, మరుసటి నెల 10లోగా రిటర్న్ వేయాలి. ఒక్క బిల్లు 30 వేలు గానీ, ఏడాది మొత్తం లక్ష గానీ దాటితే ఆదాయపు పన్ను టీడీఎస్: వ్యక్తికి 1 శాతం, సంస్థకైతే 2 శాతం. పట్టిన ఆదాయపు పన్ను కట్టకుండా ఉంచితే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ, దాని రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. కోత తప్పించడానికి ఒకే పనిని రెండు ముక్కలు చేయడం కొన్నిచోట్ల అలవాటైపోయింది. ఆడిట్‌లో మొట్టమొదట పట్టుబడేది అదే.

చెల్లింపు వెనక్కి రావడం డెల్టాలో మామూలైంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. మన ఊళ్లలో మేస్త్రీలకూ, ట్రాక్టర్ల వాళ్లకూ, డ్వాక్రా సంఘాలకూ ఎక్కువ ఖాతాలున్నవి ఈ రెండింట్లోనే. పాత ఐఎఫ్‌ఎస్‌సీతో (బ్యాంకు శాఖ కోడ్) పంపిన డబ్బు తిరిగొస్తే బ్యాంకులో నిల్వ ఉంటుంది, నగదు పుస్తకంలో మాత్రం ఖర్చయినట్టే ఉంటుంది. దాన్ని తిరిగి జమ రాసుకోకుండా మళ్లీ చెల్లిస్తే ఒకే పనికి రెండు ఖర్చులు కనబడతాయి. ఏడాది పుస్తకం మూతపడకుండా పట్టుకునే తేడాల్లో ఇది ముఖ్యమైనది. ఫిబ్రవరిలోనే అందరి దగ్గరా పాస్‌బుక్ మొదటి పేజీ కొత్తగా తీసుకుని పేరు, నంబరు పోల్చుకుంటే ఈ బాధ సగానికి సగం తగ్గుతుంది.

డిజిటల్ కీల (చెల్లింపుపై ఆన్‌లైన్‌లో సంతకం చేసే కీలు) సంగతీ అంతే. చెల్లింపు తయారుచేసేది ఒకరు, ఆమోదించేది మరొకరు. కార్యదర్శి బదిలీ అయినా, సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారి వచ్చినా, కీ గడువు తీరినా కొత్తది తీసుకుని పీఎఫ్‌ఎంఎస్‌లో (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ) నమోదు చేయించేదాకా ఖాతాలో ఎంతున్నా రూపాయి కదలదు. గడువు తేదీలు ముందే తెలిసేవి, వాటిని రాసిపెట్టుకునే మనిషే లేడు.

వినియోగ పత్రం (వచ్చిన గ్రాంటులో ఎంత ఖర్చయిందో తెలిపే పత్రం) గురించి ఒక్క మాట. విడుదల ఉత్తర్వులో అంకెను దించేసి ‘పూర్తిగా ఖర్చయింది’ అని రాసే అలవాటు మానాలి. నగదు పుస్తకం, బ్యాంకు నిల్వ సరిపోల్చాక వచ్చిన అంకె మాత్రమే అందులో ఉండాలి, ఖాతాలో పడ్డ వడ్డీ విడిగా కనబడాలి.

నిపుణుణ్ని వేశాక అతనికి వేరే సర్వేలూ, ఇతర డ్యూటీలూ అప్పగించకూడదు. జనవరికి ప్రణాళిక, ఫిబ్రవరికి అంచనాలు, సాంకేతిక మంజూరు, మార్చి మొదటి సగంలో ఖాతాలు, కీల పరిశీలన, ఏప్రిల్ మొదటి వారంలో పాత పుస్తకం మూత. కాలువ కట్టిన వారంలోగా పని ఉత్తర్వు కాంట్రాక్టరు చేతిలో ఉండాలంటే ఇంతకంటే ఆలస్యం కుదరదు. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఫిబ్రవరి మండల సమావేశంలో పంచాయతీకొక కాగితం పెట్టి, అంచనా అయిందా, కీలు పనిచేస్తున్నాయా, బ్యాంకు నిల్వకూ పుస్తకానికీ తేడా ఎంత, తాగునీటి పద్దులో మిగిలింది ఎంత అన్నవి సర్పంచులందరి ముందూ చదివించమని జిల్లా అధికారులను కోరుతున్నాం.

ఇట్లు,
పంచాయతీ పద్దులు, పథకాల చెల్లింపులు చూసే కొందరు ఉద్యోగులు,
కోనసీమ